కొలువు మాని కాలేజీకి: తేదీలు, లెక్కలు, కాగితాలు

పదేళ్లకు అటూ ఇటూగా చేసిన ఉద్యోగం వదిలి మళ్లీ రెగ్యులర్ చదువులో చేరాలనుకునేవాళ్ల ఉత్తరాలు ఈసారి కట్టలుగా వచ్చాయి. ‘మానెయ్యమంటారా, వద్దా’ అని అడిగినవాటిని పక్కన పెట్టాం. అది ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఎప్పుడు మానాలి, మానేటప్పుడు చేతికి ఏం రావాలి అని అడిగినవాళ్లకే ఇక్కడ జవాబులు. చాలా ఉత్తరాల్లో చిక్కు డబ్బు దగ్గర లేదు, తేదీ దగ్గర ఉంది.

ప్రశ్న: నేను బీఎస్సీ (మేథ్స్) చదివాను. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్‌లో చేస్తున్నాను. ఏప్రిల్ 9తో 11 ఏళ్లు నిండాయి. వయసు 36. ఎడ్‌సెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది, కౌన్సెలింగ్ ఇంకా జరగాలి. సెప్టెంబరు ఆఖరుకి మానెయ్యమని మావారు అంటున్నారు. బీఈడీకి రోజూ వెళ్లక్కర్లేదు, హాజరు కాలేజీవాళ్లే చూసుకుంటారట కదా, ఉద్యోగం మానడం ఎందుకని మా అత్తగారు. గ్రాట్యుటీ లెక్కకు వచ్చే జీతం 26,000. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు మీవారు చెప్పిన తేదీ సంగతి చూద్దాం. గ్రాట్యుటీ లెక్క ఇది: నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో హెచ్చించాలి. మీ విషయంలో ఏడాదికి సరిగ్గా 15,000 పడుతుంది. చివరి ఏడాదిలో ఆరు నెలలు మించి పనిచేస్తే దాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు, ఆరు నెలలు మించకపోతే ఆ ముక్క లెక్కలోకే రాదు. సెప్టెంబరు 30న మానితే మీకు 11 ఏళ్ల 5 నెలల 21 రోజులవుతాయి. అంటే 11 ఏళ్లే, 1,65,000 వస్తుంది. అక్టోబరు 9తో ఆరు నెలలు నిండుతాయి. ‘మించి’ అన్నది చట్టంలో మాట కాబట్టి ఆ రోజు సరిపోదు. ఒకటి రెండు రోజుల మీద పేచీ రాకుండా ఆఖరి పనిదినం అక్టోబరు 15 అని రాజీనామాలో రాయండి. 12 ఏళ్ల లెక్కన 1,80,000 వస్తుంది. పదిహేను రోజులకు పదిహేను వేలు తేడా, ఆ రోజుల జీతం కాక.

ఈలోగా క్లాసులు మొదలైపోతే మిగిలిన ఈఎల్ (ఆర్జిత సెలవు) వాడుకోండి. మంజూరైన సెలవు సర్వీసును తెంపదు. అయితే నోటీసు కాలంలో సెలవు ఇవ్వడం కంపెనీ ఇష్టం మీద ఉంటుంది. రాజీనామా ఇచ్చే రోజునే సెలవు సంగతి కూడా రాసి, ఒప్పుకున్నట్టు మెయిల్ తెప్పించుకోండి. నోటి మాట నమ్మి కాలేజీకి వెళ్లిపోతే ఆ రోజుల్ని గైర్హాజరు కింద చూపించి సెటిల్‌మెంట్‌లో కోతపెడతారు. గ్రాట్యుటీకి దరఖాస్తు విడిగా ఇవ్వాలి, బకాయి పడిన 30 రోజుల్లో యాజమాన్యం చెల్లించాలి. దాటితే వడ్డీ కూడా అడగొచ్చు.

రాజీనామా మాత్రం సీటు అలాట్‌మెంట్ లెటర్ వచ్చి, ఫీజు కట్టి, కాలేజీలో రిపోర్టు చేశాకే ఇవ్వండి. ర్యాంకు చూసుకుని ముందే ఇచ్చేసినవాళ్లకు ఏటా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కౌన్సెలింగ్ నెల, నెలన్నర వెనక్కి జరిగిపోతుంది. ఆ నెలల్లో ఇటు జీతం ఉండదు, అటు సీటూ ఉండదు.

ఇక అత్తగారి మాట. బీఈడీకి జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) పెట్టిన నిబంధన ప్రకారం ఏడాదికి 200 పనిదినాలు, తరగతులకు 80 శాతం, బడిలో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. రెండేళ్లలో 20 వారాలు బడుల్లో గడపాలి: మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. కాగితం మీద హాజరు వేసే కాలేజీలు లేవని మేము అనం. కానీ మీ పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా జమ కనిపిస్తూ, అవే నెలల్లో 90 శాతం హాజరైనట్టు సర్టిఫికెట్ ఉంటే, రేపు నియామకం దగ్గర పరిశీలించేవాళ్లకు ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెడితే చాలు. రెండేళ్ల చదువు ఆ ఒక్క చోట పోతుంది.

వయసు గురించి బెంగ వద్దు. 2024 తెలంగాణ డీఎస్సీలో గరిష్ఠ వయసు 46, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలో జనరల్ వర్గానికి 44. మీరు 38కి బీఈడీ పూర్తిచేస్తారు. టెట్ మొదటి ప్రయత్నంలోనే దాటేలా రెండో ఏడాది నుంచే చదవండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తొమ్మిదేళ్లు. గేట్ స్కోరు బాగానే ఉంది, ఐఐటీలో ఎంటెక్ చేయాలని. నోటీసు పీరియడ్ 90 రోజులు. ఆఫర్లు మే నెలాఖరుకి గానీ రావు, జులై చివర్లో చేరాలి. రాజీనామా ఎప్పుడివ్వాలో తెలియడం లేదు. నెల జీతం 1,10,000, అందులో బేసిక్ 44,000. అమ్మానాన్నలు నా కంపెనీ ఇన్సూరెన్స్‌లోనే ఉన్నారు.
— ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీ చిక్కు నిజమైనదే. జులై 25న చేరాలంటే 90 రోజుల నోటీసు ఏప్రిల్ 26నే ఇవ్వాలి. అప్పటికి ఏ ఐఐటీ ఆఫరూ చేతిలో ఉండదు. ఐఐటీల ఆఫర్లన్నీ కోప్ అనే ఉమ్మడి పోర్టల్‌లో రౌండ్లవారీగా వస్తాయి. ప్రతి రౌండులో తీసుకుని ఖాయం చేసుకోవడం, ఉంచుకుని పైదానికి ఎదురుచూడడం, వద్దని ముందుకెళ్లడం అని మూడు దారులుంటాయి. మొదటి రౌండులో వచ్చినదాన్ని ఉంచుకుని ఆ రోజే రాజీనామా ఇవ్వమన్నది మా సలహా.

మే 20న ఆఫర్ వచ్చిందనుకుందాం. జులై 25కి 66 రోజులుంటాయి. తక్కువ పడే 24 రోజులను డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఇక్కడే అపాయింట్‌మెంట్ లెటర్ తీసి రెండు మాటలు చూడండి. మొదటిది, కోత బేసిక్ మీదా, మొత్తం జీతం మీదా? బేసిక్ మీదైతే 35,200, మొత్తం మీదైతే 88,000. రెండోది, డబ్బు కట్టి వెళ్లే హక్కు మీదా, లేక ‘కంపెనీ అంగీకరిస్తే’ అని ఉందా? రెండో రకమైతే మీరు డబ్బిస్తానన్నా వాళ్లు రిలీవ్ చేయకపోవచ్చు. అప్పుడు మేనేజరుతో మార్చిలోనే మాట్లాడుకోక తప్పదు. ప్రాజెక్టు అప్పగింత తేదీలు రాసిచ్చి, అవి పూర్తయితే వదులుతామని మెయిల్ తీసుకోండి. 88,000 ఎక్కువే అనిపిస్తుంది గానీ, సీటు రాకుండా ఉద్యోగం పోవడంతో పోలిస్తే అది చిన్న మొత్తం. రాజీనామా ఒకసారి ఆమోదించాక వెనక్కి ఇవ్వాలన్న బాధ్యత కంపెనీకి లేదు.

నోటీసు కోత మీద 18 శాతం జీఎస్టీ కూడా వేసే హెచ్‌ఆర్‌లు ఇప్పటికీ ఉన్నారు. అలా వేయక్కర్లేదని 2022 ఆగస్టు 3 నాటి కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ (178వది) స్పష్టంగా చెప్పింది. సెటిల్‌మెంట్ కాగితంలో ఆ వరుస కనిపిస్తే సర్క్యులర్ నంబరు రాసి తీయించండి.

గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ ఏడాది అనుకున్న బ్రాంచి రాకపోతే అదే స్కోరుతో వచ్చే ఏడాది ప్రయత్నించొచ్చు. అందుకే ఏప్రిల్‌లో గుడ్డిగా దూకొద్దంటున్నాం. చేరాక స్టైపెండ్ నెలకు 12,400. అందుకు వారానికి 8 గంటలు ల్యాబులో, ట్యుటోరియల్స్‌లో పనిచేయాలి. కంపెనీ తరఫున పంపే స్పాన్సర్డ్ కోటాలో చేరినవాళ్లకు అది రాదు. ఇంటి ఈఎంఐ ఉంటే ఆ 12,400ను లెక్కలో వేసుకోవద్దు, మెస్సుకీ పుస్తకాలకే సరిపోతుంది. కొన్ని సంస్థలు చేరే రోజునే రిలీవింగ్ లెటర్ చూపమంటాయి. చాలా కంపెనీలు దాన్ని ఫుల్ అండ్ ఫైనల్ (బకాయిల ఆఖరి లెక్క) అయ్యాక గానీ ఇవ్వవు. ఆఖరి రోజునే కనీసం ‘రిలీవ్ చేశాం’ అన్న మెయిలైనా తీసుకుని ప్రింటు పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ విషయంలోనే మీరు తొందరపడాలి. గ్రూప్ పాలసీ మీ ఆఖరి పనిదినంతో ఆగిపోతుంది, అమ్మానాన్నలది కూడా. అదే బీమా సంస్థ ఇచ్చే సొంత పాలసీకి మారే సదుపాయం ఉంది. ఇన్నేళ్లు గ్రూపులో గడిచిన కాలాన్ని వెయిటింగులోంచి (కొన్ని జబ్బులకు క్లెయిము ఇవ్వని మొదటి కాలం) తగ్గిస్తారు. ఉద్యోగం మానాక వెళ్లి కొత్త పాలసీ తీసుకుంటే నాన్నగారి షుగరుకో, అమ్మ మోకాళ్లకో మళ్లీ మొదటి నుంచి లెక్క: పాత జబ్బులకు వెయిటింగ్ మూడేళ్ల వరకు పెట్టొచ్చు. కాబట్టి రాజీనామా ఇచ్చిన వారంలోనే బీమా సంస్థకు రాయండి. అరవై దాటినవాళ్లకు ప్రీమియం మోతగానే ఉంటుంది. చదువు ఖర్చులో ట్యూషన్ ఫీజు పక్కనే దీన్నీ రాసుకోండి.

ప్రశ్న: పరవాడలో ఫార్మా కంపెనీలో కెమిస్టుని. 9 ఏళ్ల 2 నెలల సర్వీసు. మానేసి ఎమ్మెస్సీలో చేరదామని. పీఎఫ్ మొత్తం తీసేసి ఫీజు, ఇంటి ఖర్చు గడుపుకోమని స్నేహితులు చెబుతున్నారు. పెన్షన్ డబ్బు కూడా వస్తుందట. తీసెయ్యనా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: పీఎఫ్ కింద రెండు డబ్బాలున్నాయని ముందు గుర్తుంచుకోండి: ఒకటి మీ పీఎఫ్ జమ, రెండోది పెన్షన్. రెండింటికీ ఒకే జవాబు లేదు.

పీఎఫ్ జమలోంచి ఫీజుకు కావాల్సినంత తీసుకోవడంలో తప్పులేదు. ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి దానిమీద పన్ను పడదు. మిగతాది కదపకుండా ఉంచితే వడ్డీ పడుతూనే ఉంటుంది. 2024-25కు అది 8.25 శాతం. ఒక్క మెలిక: ఉద్యోగం మానిన తర్వాత చేరే వడ్డీ పన్ను లెక్కలోకి వస్తుంది. చదువుకునే రెండేళ్లూ మీకు వేరే ఆదాయం పెద్దగా ఉండదు కాబట్టి ఇది భయపడాల్సింది కాదు.

పెన్షన్ డబ్బు దగ్గర ఆగండి. పదేళ్లలోపు సర్వీసుకు ఫారం 10సీలో రెండు దారులుంటాయి: డబ్బు వాపసు, లేదా స్కీమ్ సర్టిఫికెట్. పెన్షన్ జీతానికి పరిమితి 15,000. వాపసు తీసుకుంటే మీకు వచ్చేది అలాంటి నెల జీతాలు తొమ్మిదీ పదీ మధ్య. ఒకసారి ఖర్చయితే ఆ తొమ్మిదేళ్ల సర్వీసు చెరిగిపోయినట్టే. సర్టిఫికెట్ తీసుకుంటే ఎమ్మెస్సీ తర్వాత చేరే కంపెనీలో ఆ ఏళ్లు కలుస్తాయి. పెన్షన్ లెక్క: జీతాన్ని ఏళ్లతో గుణించి 70తో భాగించడమే. 15,000 మీద 10 ఏళ్లకు నెలకు 2,143, 22 ఏళ్లకు (20 ఏళ్లు దాటితే రెండేళ్లు అదనంగా కలుపుతారు) 5,143. పెద్ద మొత్తం కాదు. అయినా ఇప్పుడు తీసేసి మళ్లీ సున్నా నుంచి మొదలెట్టే అవసరం ఏముంది? మీరు ఫార్మాలోకే తిరిగి వెళతారు కాబట్టి సర్టిఫికెట్టే మేలు.

ఒకవేళ ఇక ఎప్పటికీ పీఎఫ్ ఉన్న ఉద్యోగం చేయను అనుకుంటే లెక్క వేరు. తొమ్మిదేళ్ల మీద ఆరు నెలలు నిండితే పెన్షన్ అర్హతకు పదేళ్లుగా తీసుకుంటారు. మీకు ఇంకా నాలుగు నెలలు కావాలి. అది దాటితే వాపసు ఉండదు, 58 ఏళ్లకు పెన్షన్ ఉంటుంది.

అప్లై చేసేవాళ్లలో చాలామందికి ఆగిపోయేది ఒకే చోట: పోర్టల్‌లో మానిన తేదీ ఉండదు. కంపెనీ వెయ్యకపోతే మీరే వేసుకోవచ్చు. సభ్యుల పోర్టల్‌లో ‘మేనేజ్’ కింద ‘మార్క్ ఎగ్జిట్’ నొక్కి, ఆధార్ ఓటీపీ ఇస్తే సరిపోతుంది. కాకపోతే ఆఖరి నెల జమ పడి రెండు నెలలు దాటాకే అది తెరుచుకుంటుంది. అక్కడ వేసే తేదీ మీ రిలీవింగ్ లెటర్‌లోని తేదీయే అయి ఉండాలి. ఒకసారి వేశాక సులభంగా మారదు. ఆధార్, పాన్, పీఎఫ్ మూడింట్లో పేరు అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ఉద్యోగంలో ఉండగానే చూసుకోండి. దిద్దుబాటుకు యజమాని ఆమోదం కావాల్సి వస్తే, మానాక హెచ్‌ఆర్ ఫోనెత్తడు.

ప్రశ్న: వయసు 41. ఐసెట్ రాసి ఎంబీఏలో చేరుతున్నా. రెండేళ్లకు 6 లక్షలు అప్పు కావాలి. ఈ వయసులో బ్యాంకు ఇస్తుందా? మా ఆవిడ టీచరు.
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇస్తుంది. కానీ ఉద్యోగం మానాక మీ జీతం స్లిప్పుకు విలువ ఉండదు, మీ భార్యను సహ రుణగ్రహీతగా పెట్టాల్సి వస్తుంది. మీ పేరు మీద క్రెడిట్ కార్డు బకాయిలు, పర్సనల్ లోన్ ఉంటే అవి ముందు తీర్చుకోండి. విద్యా రుణాలు తిరస్కరించేటప్పుడు బ్యాంకులు వయసు పేరు చెప్పినా, తరచు అసలు కారణం సిబిల్ స్కోరే (పాత అప్పులు ఎలా కట్టారో చూసి వేసే మార్కు).

మామూలు పథకంలో 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగకూడదు. 4 లక్షలు దాటితే దేశంలోని చదువుకు ఖర్చులో 5 శాతం మీరు పెట్టుకోవాలి. 2024 నవంబరులో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద హామీదారు కూడా అక్కర్లేదు. అయితే అది ప్రభుత్వం ఎంపికచేసిన సంస్థల జాబితాకే, పైగా మెరిట్‌తో వచ్చిన సీటుకే. మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. కాబట్టి కాలేజీకి ఆప్షన్ పెట్టేముందే జాబితాలో దాని పేరు చూసుకోండి.

వడ్డీ సంగతి దగ్గరగా చూద్దాం. మొదటి ఏడాది 3 లక్షలు, రెండో ఏడాది 3 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది వాయిదా కట్టక్కర్లేదు. ఆ మూడేళ్లూ సాధారణ వడ్డీ నడుస్తుంది: మొదటి 3 లక్షల మీద 90,000, రెండో 3 లక్షల మీద 60,000. మొత్తం 1.5 లక్షలు అసలులో కలిసి 7.5 లక్షలవుతుంది. పదేళ్ల ఈఎంఐ సుమారు 9,900. అలా కాకుండా మీ ఆవిడ జీతంలోంచి ఆ వడ్డీ నెలనెలా కట్టుకుంటూ పోతే (మొదటి ఏడాది 2,500, తర్వాత 5,000) అసలు 6 లక్షలే ఉంటుంది, ఈఎంఐ సుమారు 7,930. చదువుకునే కాలంలో వడ్డీ కట్టేవాళ్లకు ఒక శాతం వడ్డీ రాయితీ ఇచ్చే బ్యాంకులున్నాయి. మంజూరు పత్రంలో ఆ వాక్యం ఉందో లేదో అడగండి.

పన్ను మినహాయింపు వడ్డీకే, ఎనిమిదేళ్లు, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. జీవిత భాగస్వామి చదువుకు తీసుకున్న అప్పుకూ అది వర్తిస్తుంది. కాకపోతే అప్పు ఆవిడ పేరునా ఉండి, వడ్డీ ఆవిడే కట్టాలి.

ప్రశ్న: తపాలా శాఖలో పోస్టల్ అసిస్టెంటుగా 11 ఏళ్లు. మూడేళ్ల ఎల్ఎల్‌బీ రెగ్యులర్‌గా చదవాలని ఉంది. స్టడీ లీవు వస్తుందా?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: కష్టం. కేంద్ర సెలవు నిబంధనల్లో స్టడీ లీవు మొత్తం సర్వీసులో 24 నెలలు, మామూలుగా ఒక విడతలో 12 నెలలు. ఇతర సెలవులు కలిపినా 28 నెలలు దాటనివ్వరు, పీహెచ్‌డీకి మాత్రం 36. మీ చదువే 36 నెలలు. పైగా ఆ చదువుకు మీరు చేసే పనితో దగ్గర సంబంధం ఉండాలి. జీతం లేని అసాధారణ సెలవు అడగొచ్చు, ఇవ్వడం శాఖ ఇష్టం. మామూలుగా ఆ కాలం ఇంక్రిమెంటుకు, పెన్షన్ సర్వీసుకు కలవదు. సాయంత్రం కాలేజీ ఆలోచన ఉంటే మానుకోండి, బార్ కౌన్సిల్ 70 శాతం హాజరు అడుగుతుంది. రాజీనామాయే ఇస్తే, మీరు ఎన్‌పీఎస్‌లో (జాతీయ పింఛను పథకం) ఉంటే, ముందస్తుగా బయటికి వచ్చినవాళ్లకు నిధిలో 80 శాతం నెలనెలా పింఛనిచ్చే యాన్యుటీకే పోతుందని లెక్కలో పెట్టుకోండి. ఫీజు దానిమీద ఆధారపడకూడదు. ఇవి కేంద్ర ఉద్యోగుల నిబంధనలు. రాష్ట్ర ఉద్యోగులు ఫండమెంటల్ రూల్స్‌లో 84ను చూసుకోవాలి.

ప్రశ్న: ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఎనిమిదేళ్లుగా లెక్చరర్ని. వయసు 33. నెట్‌లో పీహెచ్‌డీకి అర్హత వచ్చింది. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్స్ ‘విద్యాసంవత్సరం మధ్యలో ఇవ్వం’ అంటున్నారు. డిగ్రీ టీసీ కూడా కనిపించడం లేదు.
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు సర్టిఫికెట్లు. ఏవేవి వాళ్ల దగ్గరున్నాయో నంబర్లతో సహా వరుసగా రాసి, ఏ తేదీలోగా కావాలో చెప్పి ప్రిన్సిపాల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో, మెయిల్‌లో పంపండి. చేరినప్పుడు ఇచ్చిన రసీదు ఉంటే జతచేయండి. రసీదు లేకపోతే ఈ ఉత్తరానికి వాళ్లిచ్చే జవాబే సాక్ష్యమవుతుంది. ‘సంవత్సరం మధ్యలో ఇవ్వం’ అని రాసినా చాలు, మీ కాగితాలు వాళ్ల దగ్గరున్నట్టు ఒప్పుకున్నట్టే. గడువు దాటితే లాయరు నోటీసు, ఆపైన పోలీసులకు ఫిర్యాదు. అంతవరకూ వెళ్లకుండానే చాలావరకు ఇచ్చేస్తారు. నోటీసు కాలం పూర్తిచేసి, సిలబస్ ఎంతవరకు అయిందో రాసిచ్చి వెళ్లండి. మధ్యలో వదిలేశారన్న వంక వాళ్లకు మిగలదు.

పోయాయని పోలీసులకు రాసిచ్చి డూప్లికేట్లు తెచ్చుకోమనేవాళ్లుంటారు. ఒరిజినల్స్ ఎక్కడున్నాయో మీకు తెలుసు, కాబట్టి అది తప్పుడు ఫిర్యాదు. మీ మెమోలు డిజిలాకర్‌లో దొరికితే వాటికి ఒరిజినల్స్‌తో సమానమైన చట్టపరమైన విలువ ఉంది. ఈలోగా వాటితో అప్లికేషన్ నడిపించండి.

టీసీ కథ వేరు, అది నిజంగానే కనిపించడం లేదు. పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దొరకలేదన్న ధ్రువపత్రం తీసుకుని, నోటరీ అఫిడవిట్‌తో డిగ్రీ కాలేజీకి దరఖాస్తు చేస్తే డూప్లికేట్ ఇస్తారు. అయితే పీజీ చేశారు కదా, కొత్త యూనివర్సిటీ అడిగేది ఆఖరున చదివిన పీజీ టీసీ, వేరే యూనివర్సిటీ అయితే మైగ్రేషన్ సర్టిఫికెట్. డిగ్రీ టీసీ అప్పట్లో పీజీ కాలేజీకి ఇచ్చేసి ఉంటారు, అక్కడ ఫైల్లో వెతికించాక పోలీస్ స్టేషన్ సంగతి చూడండి. ఎనిమిదేళ్ల ఖాళీకి గ్యాప్ అఫిడవిట్ కూడా అడుగుతారు. అందులో ఉద్యోగం చేసిన తేదీలు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్‌తో సరిపోవాలి.

తొందర ఎందుకంటే, జేఆర్ఎఫ్ (నెలనెలా డబ్బిచ్చే పరిశోధన ఫెలోషిప్) కాకుండా పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే పనికొచ్చే నెట్ మార్కులకు చెల్లుబాటు ఏడాదే. ప్రవేశంలో వాటికి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం. జేఆర్ఎఫ్ లేదు కాబట్టి నెలకు 37,000 ఫెలోషిప్ లెక్క మీకు వర్తించదు. కనీసం మూడేళ్లకు ఇంటి ఖర్చు విడిగా చూసుకోండి. కాలేజీకి ఉత్తరం ఈ వారమే పోస్టు చేయండి.